మాట పోయే జ్వరం

ఆర్మూర్ పక్కనున్న పెర్కిట్‌లో కనకవ్వ గొంతు లేస్తే హైవే మీద పోయే లారీలకు బ్రేకులు వాటంతట అవే పడతాయని ఆ వాడలో ఒక మాట ఉంది. ఒకసారి హర్యానా లారీ ఒకటి నిజంగానే ఆగిందనీ, తలపాగా డ్రైవరు దిగి వచ్చి "క్యా హువా మాజీ?" అని అడిగి, చాయ తాగి మరీ పోయాడనీ చెప్పుకుంటారు. అబద్ధమే కావచ్చు. కానీ ఆ పొద్దున కనకవ్వ పెట్టిన కేకకు, వాకిట్లో పసుపు కొమ్ములు ఏరుతున్న కోడలు శోభారాణి చేతిలోంచి చాట జారి పడిపోయిందన్నది మాత్రం నిజం!

"ఓ శోభా! ఓ పోరీ! ఇన్నవానే? కొడుకు వస్తున్నడే! నా గంగాదాసు వస్తున్నడు! గా దుబాయ్ సర్కారు దాక్కున్నోళ్లందర్ని మాఫ్ చేసిందంట... ఎల్లుండి పొద్దుగాల ఇంట్ల ఉంటడంట!"

గంగాదాస్ వస్తున్నాడు... ఎనిమిదేళ్ల తర్వాత! కట్టుకున్నవాడు ఎడారి నుంచి ప్రాణాలతో తిరిగి వస్తున్నాడంటే ఏ ఆడదైనా ఏం చేస్తుంది? కాళ్లు నేల మీద ఆనకుండా పరుగెత్తి దేవుడి ముందు దీపం పెడుతుంది. శోభారాణికి మాత్రం కాళ్లు లేవలేదు. గడపలో కూర్చుని, తన వేళ్లను తన కళ్ల ముందే ఆడించుకుంటూ నవ్వుకుంటున్న కూతురు దీక్షిత వంక చూసింది. చూసి, అక్కడే పసుపు కుప్ప మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని వెక్కి వెక్కి ఏడ్చింది!

"పిచ్చిదానా! సంతోషానికి గూడ ఏడుస్తరానే?" అని గదమాయించబోయిన కనకవ్వ, కోడలి చూపు ఎటు పోయిందో తనూ అటు చూసింది. అంతే... లారీలను ఆపే ఆ ముసలి గొంతు ఒక్కసారిగా గుసగుస అయిపోయింది.

"అవు గదనే శోభా... మరి గా సంగతెట్ల?"

ఆ సంగతి తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

దీక్షితకు ఇప్పుడు పద్నాలుగేళ్లు. మనిషి ఎదిగింది కానీ మనసు ఎదగలేదు. మూడేళ్ల పిల్లగా ఉన్నప్పుడే నిజామాబాద్‌లో పిల్లల డాక్టరు చెప్పేశాడు. "దీనికి మందు లేదమ్మా. ఈ పాపకు మాటలు రాకపోవచ్చు. ఆమె చెప్పేది మీరే నేర్చుకోండి" అని. శోభారాణి నేర్చుకుంది! పిల్ల కొంగు లాగితే దాహమని, నుదురు చిట్లిస్తే కడుపు నొప్పి అని, చేతులు చెవుల మీద పెట్టుకుంటే జనం ఎక్కువయ్యారని... ఒక్కొక్కటి ఏడుస్తూ నేర్చుకుంది, నవ్వుతూ నేర్చుకుంది. నేర్చుకోనిది తండ్రి ఒక్కడే. నేర్చుకోవడానికి ఆయన ఇంట్లో ఉంటే కదా! ఎనిమిదేళ్ల కింద సెలవు మీద వచ్చినప్పుడు, ఆరేళ్ల దీక్షితను ఒళ్లో కూర్చోబెట్టుకుని, "మా మేనమామకు గూడ ఏడేండ్లదాక మాట రాలే శోభా! తర్వాత మొదలువెట్టిండు సూడు... ఊరంత దండం వెట్టినా నోరు ముయ్యలే. ఆఖర్కి నోరు మూయించలేక సర్పంచిని చేసిన్రు!" అని అందరినీ నవ్వించి, మళ్లీ విమానం ఎక్కిపోయాడు.

పోయిన కొన్నాళ్లకే ఆయన పనిచేసే కంపెనీ మూతపడింది. పాస్‌పోర్టు యజమాని చేతిలో ఉండిపోయింది. చేతిలో కాగితం లేనివాణ్ణి అక్కడ 'కల్లివెల్లి' అంటారు. గల్ఫ్‌కు మొగుణ్ణి పంపిన ఇంట్లో ఆ మాటకు గుండె ఝల్లుమనని ఆడది ఆర్మూర్ చుట్టుపక్కల లేదు. పోలీసుల కంట పడితే జైలు. ఇంటికి రావాలంటే దారి లేదు. ఎడారిలో ఎక్కడో మేకల షెడ్డులో దాక్కుని పనిచేసేవాడు గంగాదాస్. ఆ దేశంలో వాట్సాప్ కాల్ కలవదు. రికార్డు చేసిన మాట మాత్రం పోతుంది. ఇసుక దిబ్బ ఎక్కితే సిగ్నల్. అలా ఒకరోజు దిబ్బ మీది నుంచి వచ్చింది ఆ మాట...

"శోభా... నా తోటి ఉండే పిల్లగాడు షెడ్డులనే ఉరేసుకున్నడు. వాని చెప్పులు ఇంక గీడనే ఉన్నయి... నాకు గూడ గదే బుద్ధి పుడ్తున్నదే. నా బిడ్డ బాపూ అని ఒక్కసారి పిలిస్తే ఇని, గటే పోదామనిపిస్తున్నది..."

శోభారాణి కూతురి భుజాలు పట్టుకుని ఊపింది. "బాపు అనవే! ఒక్కసారి అనవే నా తల్లీ! మీ బాపు సచ్చిపోతడే..." అని ఆ పసిదాని కాళ్ల మీద పడింది. దీక్షిత నవ్వింది. అమ్మ ఆడుకుంటోందనుకుంది పాపం! సరిగ్గా అప్పుడే గోడ అవతలి చాంద్ బీ కూతురు సమ్రీన్, దీక్షిత ఈడుదే, తప్పిపోయిన కోడిపిల్లను వెతుక్కుంటూ వాకిట్లోకి వచ్చి, ఆ ఏడుపు చూసి బిక్కమొహం వేసుకుని నిలబడింది.

"నేను అనాల్నా చిన్నమ్మా?" అంది.

కన్నతల్లి కదా... ఒక్క క్షణం ఆలోచించాల్సింది. ఆలోచించలేదు! ఫోన్ ఆ పిల్ల నోటి దగ్గర పెట్టింది.

"బాపూ... జల్ది రా బాపూ!"

ఆ రెండు ముక్కలకు సముద్రం అవతల ఒక మనిషి చావు మానేశాడు. ఆయన ఏడ్చిన ఏడుపు, నవ్విన నవ్వు తిరిగి ఫోన్‌లో వచ్చాయి. "మాటొచ్చిందా! నా బిడ్డకు మాటొచ్చిందా శోభా! సూసినవా, మేనమామ పోలికే!" ఇంక ఆ మనిషికి కాదని చెప్పే ధైర్యం ఏ ఆడదానికి ఉంటుంది? రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూనే ఏళ్లు గడిచిపోయాయి. రోజూ బడి నుంచి రాగానే సమ్రీన్ వచ్చి కూర్చునేది. మధ్యలో దీక్షిత. "బాపూ, తిన్నవా? బాపూ, ఎండకు తలకు బట్ట కట్టుకో..." అవతలి నుంచి గంగాదాస్ కోతలు! ఒంటె తన సద్ది తినేసి, మరునాడు తనకు ఖర్జూరాలు తెచ్చి బాకీ తీర్చిందట. ఎండకు ఈగలు గాల్లోనే వేగి పకోడీల్లాగ పడుతుంటే, షేక్ గారు ఉప్పు చల్లుకుని తింటున్నాడట! సమ్రీన్ పొట్ట పట్టుకుని నవ్వేది. ఆమె తండ్రి అబ్దుల్ రషీద్ ఆటో నడుపుతూ హైవే మీద ప్రమాదంలో ప్రాణం పోగొట్టుకున్నాడు. తండ్రి గొంతు ఎలా ఉండేదో ఆ పిల్లకు గుర్తు కూడా లేదు. "నా బంగారు బిడ్డా" అని ఫోన్‌లో వినబడగానే ఆ కళ్లలో వెలిగే వెలుగు చూసి శోభారాణి మొహం పక్కకు తిప్పుకునేది... ఒక పిల్లకు తండ్రి ఉన్నాడు, గొంతు లేదు. ఇంకో పిల్లకు గొంతు ఉంది, తండ్రి లేడు. భగవంతుడు పంచేటప్పుడు ఎవరో మాటల్లో పెట్టి ఉంటారు!

ఇప్పుడా గంగాదాస్ వస్తున్నాడు.

"సెప్పేద్దాం అత్తమ్మా..." అంది శోభారాణి కళ్లు తుడుచుకుని. "ఇంటికొచ్చి కూసున్నంక నెమ్మదిగ సెప్పేద్దాం."

"నీ నోట్ల మన్నువడ! అచ్చీరాంగనే వాని గుండె ఆగాలనా? నేను సూసుకుంట తియ్యి. జరమొచ్చిందందాం. సలిజరం. గా జరంల మాట పడిపోయిందందాం. కొన్నొద్దులు పోతె వాడే అలవాటు పడ్తడు."

అబద్ధాన్ని ఇంకో అబద్ధంతో కప్పడం, చిరిగిన దుప్పటి మీద చిరిగిన దుప్పటి కప్పుకోవడం లాంటిది. చలి తెలుస్తూనే ఉంటుంది. అయినా శోభారాణి తల ఊపింది. అంతటితో ఆగిందా? గోడ దగ్గరికి పోయి సమ్రీన్‌ను పిలిచి, ఆ పిల్ల చేతులు రెండూ పట్టుకుంది.

"బిడ్డా... ఆయన వస్తున్నడు. నీ గొంతు ఇంటె గుర్తువడ్తడు. నువ్వు... నువ్వు ఆయన ఇనేటట్టు మాట్లాడకు తల్లీ. నీ కాళ్లు మొక్కుత!"

సమ్రీన్ మొహం ముందు వెలిగింది. "బాపు వస్తున్నడా!" అంది. తర్వాత రెండో మాట అర్థమై, ఆ వెలుగు మెల్లగా ఆరిపోయింది. సరేనన్నట్టు తల ఊపింది... ఆ తల ఊపడంలో ఎంత ఉందో అప్పుడు శోభారాణికి తెలియలేదు!

అనుకున్న రోజు పొద్దున్నే గంగాదాస్ ఆటో దిగాడు. సగం జుట్టు తెల్లబడింది. బుగ్గలు లోపలికి పోయాయి. తల్లి కాళ్లకు మొక్కాడు, భార్య వంక ఒక్క చూపు చూశాడు. ఆ చూపు కోసమే అన్నేళ్లు బతికిన శోభారాణి దానికి తల ఎత్తలేకపోయింది. ఆయన కళ్లు ఇల్లంతా వెతుకుతున్నాయి.

"ఏదే నా వాగుడుకాయ? ఏదే? ఒంటె సంగతి సగంల ఆగింది, మిగిలింది ఎదురుంగ సెప్తనన్న! దీక్షీ... ఓ దీక్షీ! బాపు వచ్చిండే!"

తలుపు చాటున దీక్షిత రెండు చేతులూ చెవుల మీద పెట్టుకుని గోడకు అతుక్కుపోయింది. ఎవరీ గడ్డం మనిషి? ఎందుకింత గట్టిగా అరుస్తున్నాడు? గంగాదాస్ మోకాళ్ల మీద కూర్చుని చేతులు చాచాడు. "నేనేనే... పిలువు. ఒక్కసారి నా మొకం జూసి పిలువు బిడ్డా!" దీక్షిత నోటి నుంచి మాట రాలేదు. సన్నటి కూత ఒకటి వచ్చింది, కాలు తొక్కిన కుక్కపిల్ల కూత లాంటిది.

ఆయన మొహం మాడిపోయింది. కనకవ్వ చటుక్కున అందుకుంది. "జరం కొడుకా! మొన్ననే పెద్ద జరమొచ్చి మాట పడిపోయింది. నీకు సెప్తె బుగులు వడ్తవని..."

తప్పు చేసింది ముసలిది! కొడుకు అలవాటు పడతాడనుకుంది. కొడుకు పంతం పట్టాడు. ఉన్న మాట పోయిందంటే తిరిగి తేవచ్చు కదా! ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఇంక మాటల బడే. ఆర్మూర్ దవాఖానాకు తీసుకుపోయాడు. అంతమంది జనం చూసి దీక్షిత నేల మీద పడి పొర్లింది. తేనె నాకించాడు. వస కొమ్ము అరగదీసి నాలుక మీద రుద్దాడు. ఎదురుగా కూర్చోబెట్టుకుని "బా... పూ... అను. ఇన్నేండ్లు అన్నవు గదనే! మర్చిపోయినవా తల్లీ? బా..." అని పెదవులు వేళ్లతో పట్టి తెరిచేవాడు. దీక్షిత తల గోడకేసి కొట్టుకునేది. నుదుటి మీద బొప్పి కట్టింది. రాత్రి ముద్ద పెడితే తల్లి చేతిని కూడా నెట్టేసింది. పుట్టినప్పటి నుంచి ఆ పిల్ల తల్లి చేతిని నెట్టడం అదే మొదలు!

ఇక్కడింకో చోద్యం జరిగింది. పెర్కిట్‌లో నిప్పు పుడితే ఆర్మూర్‌లో పొగ లేస్తుంది. "కనకవ్వ మనవరాలికి మాట పోయే జ్వరం వచ్చిందట!" అన్న కబురు పసుపు మార్కెట్ దాకా పోయింది. పోతూ పోతూ బలిసింది. ఆ జ్వరం తగిలి ఫలానా వాళ్ల కోడిపుంజు కూయడం మానేసిందని ఒకరన్నారు. ఒకాయన, ఆ గాలి తన భార్యకు తగిలేదాకా ఈ వీధిలోనే తిరుగుతానని మొక్కుకున్నాడని ఇంకొకరన్నారు. జనం నవ్వుకున్నారు. కానీ ఆ నవ్వులు పక్కింటి చాంద్ బీకి వినబడలేదు. ఆమె గుండెలు బాదుకుంటూ, కూతుర్ని రెక్క పట్టుకుని ఈడ్చుకుంటూ వచ్చి వాకిట్లో నిలబడింది.

"శోభా! అరె శోభా! మా పోరికి గూడ వచ్చేసింది గదనే! గా జరం మా పోరికి గూడ వచ్చేసింది! ఒక్క మాట మాట్లాడతలేదు. బడిల హాజరు పలుకుతలేదని సార్ ఇంటికి పంపిండు. దర్గాల తాయత్తు కట్టించిన. ఏం లాభం? నిన్న కాలు మీద ఏడినీళ్లు పడ్డయి... చూడు, బొబ్బలు చూడు! అమ్మీ అని గూడ అనలే! నోరు మూస్కొని కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నది... యా అల్లా, ఆయన పోయిండు, ఉన్న ఒక్క పోరి గూడ మూగదైపాయె!"

శోభారాణికి అప్పుడు అర్థమైంది! రెండిళ్లకూ మధ్య ఉన్నది ఒక్కటే గోడ. ఇటు దగ్గితే అటు వినబడుతుంది. 'ఆయన వినేటట్టు మాట్లాడకు' అని తను అన్నందుకు, గంగాదాస్ వింటాడేమోనని ఆ పసిది తన ఇంట్లో కూడా, బడిలో కూడా, మరిగే నీళ్లు కాలు మీద పడ్డా కూడా నోరు విప్పలేదు! సమ్రీన్ తల్లి కొంగు వెనక దాక్కుని శోభారాణి వైపే చూస్తోంది. 'సరిగ్గా చేశాను కదా చిన్నమ్మా?' అన్నట్టుంది ఆ చూపు...

గంగాదాస్ లేచాడు. "ఫికర్ జెయ్యకు చాంద్ బీ. ఇద్దరు పిల్లల్ని హైదరాబాద్ తీస్కపోత. మా దీక్షితకు వచ్చిన జరమే వచ్చింది. పెద్ద డాక్టరుకు సూపెడ్త..."

"జరం లేదు!"

ఆ కేక కనకవ్వది కాదు. ఎన్నడూ గొంతెత్తని శోభారాణిది! "ఏ జరం రాలే! మనింట్ల పిల్లకు మాట పోలేదయ్యా... ఎన్నడన్న ఉంటె గద పోనీకి! అది పుట్టి ఒక్క మాట మాట్లాడలే. నీకు ఒక్క మెసేజ్ గూడ పెట్టలే. అన్ని నేనే... నేనే పెట్టించిన!"

"శోభా, సప్పుడు జెయ్యకే..." అని కనకవ్వ కోడలి నోరు మూయబోయింది.

"లేదత్తమ్మా! ఇంగ నాతోని గాదు. ఒక అబద్ధానికి ఇద్దరు ఆడివిల్లల నోళ్లు కుట్టేసిన... నేనేం తల్లినత్తమ్మా!" అని నేల మీద కూలబడి తల బాదుకుంది.

గంగాదాస్ నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "ఏం మాట్లాడుతున్నవే? నేను ఇన్న గద? ఒక్కరోజా, రెండ్రోజులా? నా బిడ్డ గొంతు నాకు తెల్వదా? మరి గా గొంతు ఎవ్వలిది?"

శోభారాణి చెయ్యి ఎత్తి చూపించింది. చాంద్ బీకి ఏమీ అర్థం కాక కూతురి వంక చూసింది. చిన్నప్పుడేదో ఫోన్‌లో ఆడుకున్నారని తెలుసు కానీ, ఆ ఆట ఇంకా ఆగలేదని ఆమెకు తెలియదు. గంగాదాస్ అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి ఆ పిల్ల ముందు నిలబడ్డాడు.

"మాట్లాడు బిడ్డా" అన్నాడు.

సమ్రీన్ శోభారాణి వంక చూసింది. శోభారాణి తల ఊపింది. అన్ని రోజులు బిగబట్టిన పెదవులు విచ్చుకోవడానికి చాలాసేపు పట్టింది.

"బాపూ... మాఫ్ చెయ్యి బాపూ. చిన్నమ్మను కొట్టకు."

అదే గొంతు! ఎండకు తలకు బట్ట కట్టుకొమ్మన్న గొంతు... తిన్నావా అని అడిగిన గొంతు... చావబోయినవాణ్ణి చెయ్యి పట్టి లాగిన గొంతు! గంగాదాస్ చేతులు తెలియకుండానే ఆ పిల్ల వైపు చాచాడు. చాచినవాడు, మధ్యలో ఆపేసుకున్నాడు. వెనక్కి తిరిగి గడపలో ఉన్న దీక్షితను చూశాడు... మళ్లీ ముందున్న పిల్లను చూశాడు. ఎవరో గొడ్డలితో నిలువునా చీల్చినట్టు ఆ మనిషి మొహం రెండయింది. చెప్పులైనా వేసుకోకుండా వాకిలి దాటి పోయాడు.

"పోవే! ఎనుక పోవే శోభా! వాడు ఏమన్న జేసుకుంటడే!" అని కనకవ్వ గగ్గోలు పెట్టింది.

శోభారాణి చేను వైపు పరుగెత్తింది. బావి కనబడితే వంగి చూసింది. చెట్టు కనబడితే కళ్లు మూసుకుంది. కానీ గంగాదాస్ కల్లం దగ్గర ఉన్నాడు. ఉడకబెట్టి ఆరబోసిన పసుపు మధ్యలో, ఎర్రటి ఎండలో, బట్టలన్నీ పచ్చగా చేసుకుని కూర్చున్నాడు. ఆమె కాస్త దూరంలో కూలబడింది. ఆయన తల ఎత్తకుండానే అన్నాడు.

"నాకొక బిడ్డ ఉండె శోభా. వాగుడుకాయ. నేనేం జెప్పినా నవ్వేది... అది సచ్చిపోయింది గదనే. గిప్పుడే, మనింటి వాకిట్ల. దానికి ఏడుద్దామంటె శవం గూడ లేకపాయె."

శోభారాణి ఏడుస్తూనే ఉంది కానీ, ఆ మాట విన్నాక ఆ ఏడుపులోంచి కోపం లేచింది. ఎన్నేళ్ల కోపమో!

"సచ్చిపోయిందనకు! గా బిడ్డ అసలు పుట్టలే. పుట్టింది ఇంట్ల ఉన్నది, నుదుటికి బొప్పి గట్టి! నీకు పిలిచే బిడ్డ గావాలె, నాకు నువ్వు బతుకుడు గావాలె. మనిద్దరి నడుమ దానికి ఏం గావాల్నో ఎవ్వలడిగిన్రయ్యా? దినాం దాన్నే పక్కన కూసోవెట్టి, దాని పేరు మీద ఇంకో పిల్లతోని మాట్లాడించిన. అంటె ఏంది? నువ్వు సాలవు బిడ్డా, నువ్వు పనికిరావు అని దినాం దానికి సెప్పుడే గద! అది ఇన్నది... అన్ని ఇన్నది. నన్నేమన్న అను. కొట్టు, సంపు. దాన్ని మాత్రం ఇంగ బాపు అనుమని అడగకు..."

గంగాదాస్ పచ్చటి చేతుల్లో మొహం దాచుకున్నాడు. భుజాలు కదిలిపోతున్నాయి.

"గా గొంతే లేకుంటె నేను గా షెడ్డులనే ఉండిపోతుంటి శోభా. వాని పక్కన నా చెప్పులు గూడ ఉంటుండె... నిన్ను తిట్టనీకి నోరు వస్తలేదు. మంచి జేసినవనీకి గూడ వస్తలేదు."

"అనకు" అంది శోభారాణి. "ఏం అనకు. ఇంటికి రా."

పొద్దు వాలకముందే ఇద్దరూ ఇంటికి వచ్చారు. గంగాదాస్ ముందు తన ఇంట్లోకి పోలేదు. చాంద్ బీ ఇంటి ముందు నిలబడ్డాడు. చాంద్ బీ కూతురి కాలి బొబ్బలకు మందు రాస్తోంది. ఆమె కళ్లు ఉబ్బి ఉన్నాయి. శోభారాణి వంక చూడలేదు. చూడకపోవడం ఆమె హక్కు. శోభారాణి గుమ్మం బయటే ఉండిపోయింది.

గంగాదాస్ ఆ పిల్ల ముందు నేల మీద కూర్చున్నాడు. "బిడ్డా, నన్ను బతికిచ్చినవు. సచ్చేదాక మర్వను. ఇంగ నోరు మూస్కోకు. బడిల మాట్లాడు, మీ అమ్మీతోని కొట్లాడు..."

సమ్రీన్ తల ఎత్తలేదు. చాలా నెమ్మదిగా అడిగింది. "మరి... మిమ్మల్ని ఏమని పిల్వాలె?"

'బాపు అనే పిలువు' అంటే ఎంత తేలిక! ఆ పిల్ల ఇన్నేళ్లు దాచుకున్న మాట, ఆయన ఇన్నేళ్లు ఆకలిగొన్న మాట. ఆ ఒక్క మాటతో ఇద్దరి కడుపులూ నిండుతాయి. కానీ గోడ అవతల గడపలో ఇంకొక పిల్ల కూర్చుని ఉంది. ఆ పిలుపు రోజూ ఇక్కడి నుంచి వినబడితే, తను ఇంక ఎన్నటికీ అటు తిరగలేనని గంగాదాస్‌కు తెలిసిపోయింది.

"శోభ నీకు చిన్నమ్మ గద..." అన్నాడు, ఒక్కో మాట పంటి కింద రాయిలా నములుతూ. "నన్ను చిన్నబాపు అను తల్లీ."

సమ్రీన్‌కు అర్థమైంది. పద్నాలుగేళ్ల పిల్లకు అర్థం కాకూడనిదే అర్థమైంది! "సరే" అంది. అని, తల్లి ఒళ్లో మొహం పెట్టుకుని గట్టిగా ఏడ్చింది. ఎన్నో రోజుల తర్వాత కూతురి గొంతు విన్న చాంద్ బీ ఆ ఏడుపును ఆపలేదు. తనూ కలిసి ఏడ్చింది.

ఆ తర్వాత గంగాదాస్ దీక్షితను ఏమీ అడగలేదు. నాలుగు రోజులు దగ్గరికి కూడా పోలేదు. ముద్ద పెట్టే తల్లి చేతిని, తల దువ్వే తల్లి చేతిని దూరం నుంచి చూశాడు, కొత్త పనిలో చేరినవాడు మేస్త్రీని చూసినట్టు. నుదుటి మీద బొప్పి తగ్గింది.

ఐదో నాడు, పొద్దుటి ఎండ వాకిట్లో పడుతుండగా, దీక్షిత మంచం మీద కూర్చుని వేళ్లు ఆడించుకుంటుంటే, ఆయన వెళ్లి మంచం చివర కూర్చున్నాడు. దీక్షిత కాలితో తోసింది. కొంచెం జరిగాడు. మళ్లీ తోసింది. ఇంకొంచెం జరిగాడు. ఈసారి రెండు కాళ్లతో తన్నింది. మంచం మీద ఇంక జాగా లేదు. గంగాదాస్ లేచి, మంచం కోడు పక్కన నేల మీద కూర్చున్నాడు. అలవాటు కొద్దీ ఏదో కోత కోయడానికి నోరు తెరిచాడు. పసుపు ఏరుతున్న శోభారాణి వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఆయన నోరు మూసుకున్నాడు.

"ఎనిమిదేండ్లకు వచ్చినోనికి మంచం కింద మూరెడు జాగ దొరికింది" అన్నది కనకవ్వ గడపలోంచి, కళ్లు ఒత్తుకుంటూ. "ఉన్నకాడ ఉండు కొడుకా. లెవ్వకు."

గోడ అవతల సమ్రీన్ పాఠం గట్టిగా చదవడం మొదలుపెట్టింది. ఆ గొంతు గోడ దాటి వాకిట్లోకి వచ్చింది. గంగాదాస్ భుజాలు ఒక్కసారి బిగుసుకున్నాయి... కళ్లలోంచి నీళ్లు జారి గడ్డంలోకి పోయాయి. అయినా మొహం అటు తిప్పలేదు. మంచం మీద ఎండలో ఆడుతున్న పది వేళ్లను చూస్తూ అలాగే కూర్చున్నాడు.

దీక్షిత కిందికి వంగి ఆయన్ను ఒకసారి చూసింది. మళ్లీ తన్నలేదు.